గట్టిమేళంలో ఒక చిన్న కూత

కొత్తగా కెమెరా కొనుక్కున్న పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. జగ్గయ్యపేటలో పెళ్ళి ఫోటోలు తీసి తీసి రిటైరైన ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి, ఈవిడకి ఏదో తెలిసే ఉంటుందని వాళ్ళ నమ్మకం. అందరిదీ ఒకటే ప్రశ్న. "ఆంటీ, పూర్తిగా చేత్తో తిప్పుకునే లెన్సు మంచిదా, చిప్పున్న లెన్సు మంచిదా?" ఫోన్లో వీడియోలు చూసి వాళ్ళు అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటారు. నేను అవునంటే చాలు. నేనేమో అవుననను, కాదనను. "గట్టిమేళం పక్కన నిలబడి విన్నావా ఎప్పుడైనా?" అని అడుగుతాను. బిక్కమొహం వేసి, ఇచ్చిన టీ తాగి, మర్యాదగా లేచి వెళ్ళిపోతారు. ముసలావిడకి మతి తప్పిందని మెట్లు దిగుతూ అనుకుంటారేమో కూడా. నాకేం మతి తప్పలేదు నాయనా. కథ పెద్దది, మీ టీ చిన్నది. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

నేను స్టూడియోలో చేరింది తొంభైల మొదట్లో. మాది పెనుగంచిప్రోలు దగ్గర పల్లె. అమ్మా నాన్నా మిరప చేలల్లో కూలికి వెళ్ళేవాళ్ళు. ఆదివారం చర్చి, మిగిలిన రోజులు చేను. కోతల కాలంలో మా ఇంట్లో అందరం తుమ్ముతూనే ఉండేవాళ్ళం. ఆ తుమ్ములు నాకు ఇప్పటికీ పోలేదు, కాస్త ఘాటు తగిలితే చాలు. పదో తరగతి అయ్యాక, పేటలో ఒక స్టూడియోకి టచింగ్ పనికి అమ్మాయి కావాలట అని మా టీచరమ్మ చెప్పింది. టచింగ్ అంటే ఇప్పటి పిల్లలకి తెలియదు. నెగెటివ్‌ని కింద దీపం ఉన్న గాజు పలక మీద పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో ముఖం మీది మొటిమలూ మచ్చలూ మాయం చెయ్యడం. పెళ్ళిచూపులకి పంపే ఫోటోలకి ఆ పని తప్పనిసరి. ఈ చుట్టుపక్కల నా పెన్సిల్ దయవల్ల సంబంధం కుదిరిన ఆడపిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్ళ మొగుళ్ళకి ఈ సంగతి ఇప్పుడు తెలిసినా నష్టం లేదు.

స్టూడియో యజమానిని అందరం మాస్టారు అనేవాళ్ళం. వాళ్ళది పేటలో హోల్‌సేల్ కిరాణా వ్యాపారం చేసే కుటుంబం. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ కొట్లో కూర్చుంటారని అందరూ అనుకున్నారట. అన్న కూర్చున్నాడు. తమ్ముడు కెమెరా పట్టుకుని బస్టాండు దగ్గర గది అద్దెకి తీసుకున్నాడు. పెద్దాయన ఆ సంగతి ఎన్నేళ్ళైనా మర్చిపోలేదు. మాటలు మానేశారని కాదు. రాకపోకలు ఉండేవి, పండగ భోజనాలు ఉండేవి, కానీ ప్రతి మాటలోనూ ఒక ముల్లు ఉండేది. "ఏరా, ఇంకా జనం మొహాలు పట్టుకునే తిరుగుతున్నావా?" అనేవారు పెద్దాయన. మాస్టారు అక్కడ నవ్వేసేవారు. స్టూడియోకి తిరిగొచ్చాక మాత్రం ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడేవారు కాదు.

పెద్దాయన గురించి ఇంకో మాట చెప్పాలి. వర్జ్యం చూడకుండా ఆయన కొట్టు తాళం తీసేవారు కాదు. బయల్దేరుతుంటే ఎవరైనా తుమ్మితే వెనక్కి వచ్చి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, అప్పుడు మళ్ళీ గడప దాటేవారు. అందుకే ఆయన ఉన్నచోటికి వెళ్ళాలంటే నాకు భయంగా ఉండేది.

నా చేతికి కెమెరా ఇచ్చింది మాస్టారే. ఓణీల ఫంక్షన్లకీ సీమంతాలకీ లోపలి గదుల్లోకి మగ ఫోటోగ్రాఫర్‌ని రానివ్వడం చాలా ఇళ్ళల్లో ఇష్టపడేవాళ్ళు కాదు. "టచింగ్ చేసే చెయ్యి వణకదమ్మాయ్. వణకని చేతికి కెమెరా ఎంతసేపు?" అన్నారు. మొదట్లో జనం పెళ్ళికూతుర్ని వదిలేసి నన్ను చూసేవాళ్ళు. ఏ ఊరని అడిగి, ఊళ్ళో ఏ వైపు ఇల్లని అడిగి, ఆ తర్వాత కాస్త దూరం జరిగేవాళ్ళు కూడా లేకపోలేదు. అలాంటిచోట మాస్టారు వచ్చి నా పక్కన నిలబడి, "మా స్టూడియో మనిషండి" అనేవారు. ఇంకేం అనేవారు కాదు. ఆ ఒక్క మాట మీద నేను చాలా ఏళ్ళు బతికాను.

ఆయనకి ఒక లెన్సు ఉండేది. బరువైన నల్లటి గొట్టం, మీద తెల్ల అంకెలు, వేళ్ళు పట్టేచోట రంగు పోయి లోహం బయటపడింది. అందులో కరెంటనేదే లేదు. వెలుతురు ఎంత రావాలో ఒక చక్రం తిప్పి చెప్పాలి, ముఖం స్పష్టంగా రావడానికి ఇంకో చక్రం తిప్పాలి. ఫిల్ము కెమెరాలో కన్ను పెడితే మధ్యలో చిన్న గుండ్రం, అందులో మనిషి ముఖం రెండు ముక్కలుగా కనపడేది. చక్రం తిప్పుతుంటే ముక్కలు రెండూ జరిగి జరిగి అతుక్కునేవి. అప్పుడు నొక్కాలి. "పెళ్ళన్నా ఇంతేనమ్మాయ్, రెండు ముక్కలు అతకడమే" అని ప్రతి పెళ్ళిలోనూ అనేవారు. నేను ప్రతి పెళ్ళిలోనూ నవ్వేదాన్ని. జీతమిచ్చే మనిషి మరి.

రెండు వేల సంవత్సరం దాటాక నందిగామలో రెండో స్టూడియో పెట్టాం. అక్కడ చూసుకోడానికి నాకంటే కొంచెం చిన్నవాణ్ణి ఒకతన్ని పెట్టుకున్నారు. మేం అతన్ని నందిగామాయన అనేవాళ్ళం. పనిమంతుడు, కొత్తదంటే పడి చచ్చేవాడు. మాలో డిజిటల్ కెమెరా ముందు పట్టుకున్నదీ, చిప్పున్న లెన్సు తెచ్చిందీ అతనే. ఆ లెన్సు వెనక బంగారు రంగు చుక్కలు వరసగా ఉంటాయి. ఆ చుక్కల ద్వారా కెమెరా చెప్పింది లెన్సు వింటుంది. తనంతట తనే గిర్రున తిరిగి ముఖాన్ని పట్టుకుంటుంది.

"అక్కా, ఇంక మనం నొక్కటమే!" అన్నాడు సంబరంగా.

"అయితే ఇంక మనమెందుకు?" అన్నారు మాస్టారు, గుమ్మం దగ్గర్నుంచి.

అలా మొదలైంది వాళ్ళిద్దరి పోరు. మాస్టారి వాదన ఏమిటంటే, తను చూసేది పెళ్ళికూతుర్ని, ఆ లెన్సు చూసేది ఏది దగ్గరుంటే దాన్ని. అది నిజమే. ఒక పెళ్ళిలో అది పెళ్ళికూతురి ముఖం వదిలేసి నుదుటి బాసికం మీద పూసల్ని అద్భుతంగా తీసింది. నందిగామాయన వాదన ఏమిటంటే, జనం ఒకరినొకరు తోసుకుంటుంటే చక్రాలు తిప్పుతూ కూర్చునే రోజులు పోయాయని. అదీ నిజమే. పేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలే, ఆ దుమ్ము సంగతి మీకు తెలుసు. ఒకసారి ఫ్యాక్టరీ వాళ్ళ సభలో నందిగామాయన కెమెరా మాట్లాడడం మానేసి తెర మీద ఏదో తప్పు అని చూపించింది. లెన్సు వెనక చుక్కల మీద దుమ్ము చేరింది, అంతే. నేను నా టచింగ్ పెన్సిల్ వెనకున్న రబ్బరుతో ఆ చుక్కల్ని రుద్దాను, మళ్ళీ పనిచేసింది. ఆ రోజు మాస్టారి ముఖంలో ఆనందం చూడాల్సింది. నేను మాత్రం ఏ పక్షమూ కాదు. పేటలో ఉంటే చెయ్యి గొప్పదనేదాన్ని, నందిగామ బస్సు దిగితే చిప్పు గొప్పదనేదాన్ని.

కొన్నాళ్ళకి ఫిల్ము కడిగే లాబులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మాస్టారు కూడా డిజిటల్‌కి మారక తప్పలేదు. లెన్సు మాత్రం వదల్లేదు. మధ్యలో ఒక ఉంగరంలాంటి రింగు వేసి ఆ పాత లెన్సునే కొత్త కెమెరాకి బిగించారు. కొత్త కెమెరా లోపల ముఖాన్ని రెండు ముక్కలు చేసి చూపించే గుండ్రం లేదు. స్పష్టంగా ఉందో లేదో కంటితోనే తేల్చుకోవాలి.

సరిగ్గా అప్పుడే ఆయన కన్ను చెడింది. ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడుతూ ముఖం కాస్త పక్కకి తిప్పుతున్నారని ముందు నేనే గమనించాను. చాలా ఏళ్ళుగా ఉన్న షుగరు కంటి వెనక నరాన్ని తినేసింది. మధ్యలో మసక, అంచుల్లో చూపు. విజయవాడలో డాక్టరు అద్దాలతోగానీ ఆపరేషన్‌తోగానీ పోయిన చూపు తిరిగి రాదన్నాడట. నాకూ నందిగామాయనకీ మాత్రమే చెప్పారు మాస్టారు. చెప్పి, మర్నాడు మామూలుగా పెళ్ళికి బయల్దేరారు. వద్దనడానికి మాకు నోరు రాలేదు.

ఆ పెళ్ళి పెనుగంచిప్రోల్లో. తలంబ్రాల ఫోటోలన్నీ మసక మసగ్గా వచ్చాయి. పెళ్ళికూతురి మేనమామ స్టూడియోకి వచ్చి, ఫోటోలు టేబుల్ మీద పరిచి, "పెళ్ళి పొగలో తీసారా ఏంటండీ?" అని అడిగాడు. కేకలేసి ఉంటే బాగుండేది. నెమ్మదిగా అడిగాడు. మాస్టారు ఆయనకి క్షమాపణ చెప్పి, ఆయన వెళ్ళాక కెమెరాని సంచిలో పెట్టి జిప్పు వేసేశారు.

ఇక్కడ నందిగామాయన గురించి నేను పొరబడ్డాను. ఇదే అదనుగా చిప్పు లెన్సు కొనిపిస్తాడనుకున్నాను. అతను హైదరాబాద్ వెళ్ళి ఇంకోటి తెచ్చాడు. చూడ్డానికి మామూలు రింగే, కానీ లోపలి అంచుకి అతికించడానికి గోరంత చిప్పు ఒకటి విడిగా ఇచ్చారు.

"అక్కా, లెన్సు మాస్టారిదే. తిప్పేది కూడా మాస్టారే. కాకపోతే బొమ్మ కుదరగానే కెమెరా కుయ్‌మంటుంది. ఆయనకి కనపడకపోయినా వినపడుద్ది కదా," అన్నాడు. అలా అంటున్నప్పుడు అతని కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి నాకు సిగ్గేసింది.

ఆ చిప్పు వెంట్రుక వాసి పక్కకి జరిగినా కెమెరా దాన్ని గుర్తుపట్టదు. అతికించి, ఊడదీసి, మళ్ళీ అతికించి, మా ఇద్దరి వేళ్ళకీ జిగురే. చివరికి కుదిరింది. మాస్టారి చేతికిచ్చాం. ఆయన అలవాటుగా చక్రం తిప్పారు. కుయ్‌మంది. కెమెరా దించి మా ఇద్దరి వంకా చూశారు, ముఖం పక్కకి తిప్పి. మళ్ళీ తిప్పారు. మళ్ళీ కుయ్‌మంది. ఇంక చూడండి, క్యాలెండర్‌ని పట్టుకుని ఒకసారి, ఫ్యాన్‌ని పట్టుకుని ఒకసారి, నన్ను పట్టుకుని పదిసార్లు కూయించారు. ఆ సాయంత్రం స్టూడియోలో కోడిపిల్లల్ని పెంచుతున్నట్టుంది.

"ఇది నాకు చెప్తుందంతే. నా పని ఇది చెయ్యట్లా," అన్నారు తృప్తిగా. అది ఆయనకి ముఖ్యం.

ఆ వారంలోనే పెద్దాయన స్టూడియోకి వచ్చారు. నేను చేరాక ఆయన ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. ఆయన కొడుకు నందిగామలో వ్యాపారం చేస్తాడు. ఆ కొడుకు కూతురి పెళ్ళి, అక్కడే కల్యాణమండపంలో. పెద్దాయన నిలబడే చెప్పారు.

"ముహూర్తం ఫోటోకి విజయవాడ వాళ్ళకి చెప్దామనుకుంటున్నా. నువ్వు చిన్న తాతవి. ముందు వరసలో కూర్చుని అక్షింతలెయ్యి."

మాస్టారు కుర్చీలోంచి లేచారు. "నా కళ్ళ సంగతి ఎవరు చెప్పారన్నయ్యా?"

"కొట్టుకొచ్చేవాళ్ళంతా చెప్తున్నార్రా. పెనుగంచిప్రోలు నుంచి కూడా సరుక్కొస్తారు మనకి."

"ఒక్క నిమిషం కూర్చో అన్నయ్యా."

పెద్దాయన్ని స్టూలు మీద కూర్చోబెట్టారు. చెయ్యి పైకెత్తమన్నారు. పెద్దాయన విసుక్కుంటూనే అరచెయ్యి చూపించారు. ఆయన కుడిచేతి చిటికెన వేలు వంకర. చిన్నప్పుడు కొట్టు చెక్కతలుపు మీద పడి విరిగిందట. తమ్ముణ్ణి పక్కకి లాగబోతే తన చెయ్యి ఇరుక్కుందని, ఆ మాట ఎప్పుడూ పైకి అనరని, మాస్టారు నాకు ఏనాడో చెప్పారు. ఇప్పుడు ఆ వేలి మీదికే లెన్సు తిప్పారు. కుయ్‌మంది. నొక్కారు.

"ఏంట్రా ఆ కూత?"

"కుదిరింది, ఇంక నొక్కు అని చెప్పటం. కంటితో పన్లేదు."

కెమెరా వెనక తెర మీద బొమ్మ పెద్దది చేసి చూపించాను. వంకర వేలి మీద ముడతలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. పెద్దాయన చాలాసేపు చూసి, "మళ్ళీ కుయ్యమను," అన్నారు. కూయించారు. "ఇంకోసారి." కూయించారు. డెబ్బై దాటిన మనిషి, నవ్వు ఆపుకోడానికి మీసం దువ్వుకున్నారు.

"కూస్తేనే నొక్కుతావు కదా?"

"కూయందే నొక్కనన్నయ్యా."

"అయితే నువ్వే తియ్యి. విజయవాడ వాళ్ళు వద్దులే."

ఆయన వెళ్ళాక మాస్టారు మా ఇద్దరితో అన్నారు. "ఈ ముహూర్తం ఫోటో రాకపోతే ఇంక కెమెరా ముట్టుకోను. మీరిద్దరూ నడుపుకోండి స్టూడియో." మాట వరసకి అన్నట్టు లేదు. ఆయన గొంతు నాకు తెలుసు.

పగటి ముహూర్తం. మండపం నిండా జనం. వేదిక మీద మాస్టారు కెమెరాతో మోకాలి మీద కూర్చున్నారు, ఆయన వెనక నేను. కింద జనంలో నందిగామాయన తన చిప్పు లెన్సుతో. ఎందుకైనా మంచిదని నేనే అతన్ని అక్కడ నిలబడమన్నాను. వధూవరుల మధ్య అడ్డుతెర. పెళ్ళికూతురి పక్కన పెద్దాయన, తెల్ల పంచె, తెల్ల చొక్కా. పెళ్ళికూతురి చేతిలో జీలకర్ర బెల్లం, పెళ్ళికొడుకు చేతిలో జీలకర్ర బెల్లం. పంతులుగారు గడియారం చూసి వేలు పైకెత్తారు.

గట్టిమేళం మోగింది.

మేం ముగ్గురం కలిసి ఎన్ని పెళ్ళిళ్ళు తీశామో చెప్పలేను. సన్నాయి ఎప్పుడు పెరుగుతుందో, డోలు ఎప్పుడు దంచుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాం. అలాంటిది, ఆ చిన్న కూత వినాల్సిన క్షణంలోనే గట్టిమేళం ఉంటుందని మా ముగ్గురిలో ఒక్కళ్ళకీ తట్టలేదు. స్టూడియోలో ఫ్యాను ఆపేసి మరీ పరీక్షలు చేసుకున్నాం, తెలివైనవాళ్ళం!

ఇద్దరూ అడ్డుతెర మీదుగా ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెట్టారు. తెర దిగింది. మాస్టారి వేళ్ళు లెన్సు మీద తిరుగుతున్నాయి. ఇటు, అటు, మళ్ళీ ఇటు. కెమెరా కూస్తూనే ఉండి ఉంటుంది. ఎవరికి వినపడాలి? కుదిరినప్పుడు లోపల ఎర్ర చుక్క కూడా వెలుగుతుంది కానీ, వీడియో లైటు ఎదురుగా కొడుతుంటే ఆ కంటికి అది కనపడదు.

"కూసిందా అమ్మాయ్?" అని అరిచారు.

"వినపట్లేదండీ! నొక్కెయ్యండి మాస్టారూ!"

"కూయందే ఎట్లా నొక్కుతా?"

అన్నకి ఇచ్చిన మాట అది. ఆయన మెడ వెనక చెమట కారడం నాకు కనపడుతోంది. పంతులుగారి మంత్రం చివరికొచ్చేస్తోంది. మంగళసూత్రాల పళ్ళెం అప్పుడే వేదిక ఎక్కుతోంది. ఇంకాసేపట్లో వాళ్ళ చేతులు తలల మీంచి దిగిపోతాయి. కెమెరా లాక్కుని నేనే తీసేద్దామా అనిపించింది. చెయ్యి చాచాను కూడా. ఆయన భుజం దాకా వెళ్ళి నా చెయ్యి ఆగిపోయింది. లాక్కుంటే ఫోటో వస్తుంది, మనిషి పోతాడు.

అప్పుడు పెద్దాయన్ని చూశాను. ఆయన మనవరాలిని చూడట్లేదు. పెళ్ళికొడుకునీ చూడట్లేదు. లెన్సు మీద ఆగకుండా తిరుగుతున్న తమ్ముడి వేళ్ళని చూస్తున్నారు. ఆయనకి అర్థమైంది. మేళం వాళ్ళ వైపు తిరిగి, కుడిచెయ్యి పూర్తిగా పైకెత్తి, ఆపమన్నారు.

సన్నాయి సగం ఊపిరిలో తెగిపోయింది. డోలు ఇంకో దెబ్బ వేసి ఆగింది. పంతులుగారు నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. చెడు మాటా తుమ్మూ వినపడకూడదనే కదా ఆ వేళ అంత గట్టిగా వాయించేది! అంత మండపంలో ఫ్యాన్ల చప్పుడు వినపడింది. అదే సమయానికి, హోమం పొగకేమో, నాకు ముక్కులో తుమ్ము బయల్దేరింది. పైట చెంగుతో ముక్కు గట్టిగా నలిపి పట్టుకున్నాను. యేసయ్యా, ఈ ఒక్కటీ ఆపు తండ్రీ అనుకున్నాను. కళ్ళలోంచి నీళ్ళొచ్చాయి.

కుయ్.

నొక్కారు మాస్టారు. ఇంకోసారి కుయ్. ఇంకోసారి నొక్కారు.

పెద్దాయన చెయ్యి దించారు. మేళం మళ్ళీ మోగింది. నేను ఆ మోతలో హాయిగా రెండు తుమ్ములు తుమ్మాను.

మాస్టారు కంటి నుంచి కెమెరా దించి వెనక్కి తిరిగారు. ముఖం వెలిగిపోతోంది. "మేళం వాళ్ళు భలే టైముకి ఊపిరి తీసుకున్నారమ్మాయ్!" అన్నారు. కన్ను కెమెరాలోనే ఉన్న మనిషికి పక్కన ఏం జరిగిందో తెలియదు. తాళి కట్టడం, తలంబ్రాలు వరసగా వచ్చాయి, ఆయన మళ్ళీ పనిలో పడిపోయారు.

వేదిక కింద మాత్రం గుసగుసలు అప్పుడే మొదలయ్యాయి. భోజనాల దగ్గర మగపెళ్ళివారి తరఫు పెద్దమనిషి ఒకాయన పెద్దాయన్ని పట్టుకున్నారు. మాస్టారు అప్పటికి లోపల పెళ్ళికూతురి గదిలో ఫోటోలు తీస్తున్నారు. నేను రెండు ఆకుల అవతల కూర్చుని తింటున్నాను.

"ముహూర్తం వేళ మేళం ఆపిస్తారా బావగారూ? ఎక్కడన్నా ఉందా? ఏ తుమ్మో వినపడితే?"

"వినపడిందా?"

"వినపళ్ళేదనుకోండి..."

"మరింకేం. పప్పు వేయించుకో బావా."

నేను తల ఎత్తలేదు. ఆకులో ఉన్న పులిహోరతోనే మాట్లాడుకున్నాను. వర్జ్యం చూడందే తాళం తియ్యని మనిషి, తుమ్ముకి గడప దాటని మనిషి, సొంత మనవరాలి ముహూర్తానికి గట్టిమేళం ఆపించాడు. చెయ్యి కడుక్కునే చోట ఆయనే నా దగ్గరికి వచ్చారు.

"వాడికి చెప్పమాకమ్మా. మేళం వాళ్ళే ఆపారనుకోనీ. నేను ఆపించానంటే, ఫోటో నా వల్ల వచ్చిందనుకుంటాడు."

నన్ను ఆయన అమ్మా అనడం అదే మొదటిసారి. సరేనండి అన్నాను.

నందిగామాయన ఫోటోల సంగతి కూడా చెప్పాలి కదా. తెర పట్టుకున్న పంతులుగారి శిష్యుడి వేళ్ళు, అక్షింతల గింజలు అద్దంలో చూసినట్టు వచ్చాయి. వాటి వెనక వధూవరులు మసక. "నా లెన్సుకి అక్షింతలంటే ఇష్టం అక్కా," అని తనే నవ్వాడు.

మాస్టారు తీసిన ముహూర్తం ఫోటో ప్రింటు వేయించి పేటకి తెచ్చింది నేనే. పెళ్ళికూతురి కనురెప్పలు కూడా విడివిడిగా కనపడుతున్నాయి. పెళ్ళికొడుకు గాభరా, ఆమె పెదవి మీద ఆపుకున్న నవ్వు, అన్నీ ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, మా స్టూడియోలో అంత మంచి ముహూర్తం ఫోటో అంతకుముందు లేదు. దాని కుడి మూల తెల్లగా ఒకటి ఉంది. నేను చూశాను. మాస్టారికి ఎలాగూ కనపడదులే అనుకున్నాను.

ఆయన నా టచింగ్ భూతద్దం అడిగి తీసుకున్నారు. ప్రింటుని కిటికీ వెలుతురులో పెట్టి, ముఖం పక్కకి తిప్పి, కంటి అంచుతో కొంచెం కొంచెంగా చూసుకుంటూ వచ్చారు.

"ఈ మూల ఏంటమ్మాయ్, తెల్లగా?"

"ఎవరిదో చెయ్యి అడ్డమొచ్చిందండి."

భూతద్దం అక్కడే ఆగిపోయింది. తెల్ల చొక్కా చెయ్యి, ఎత్తిన అరచెయ్యి, పక్కకి వంగి ఉన్న చిటికెన వేలు. స్టూడియోలో తను కూయించి తీసిన వేలే.

"మేళం వాళ్ళు ఊపిరి తీసుకోలేదన్నమాట," అన్నారు.

నేను మాట ఇచ్చాను కాబట్టి మాట్లాడలేదు. మాట్లాడకపోయేసరికి ఆయనకి ఇంకా బాగా తెలిసింది.

"తుమ్మితే వెనక్కొచ్చి కూర్చుంటాడమ్మాయ్ మా అన్నయ్య," అన్నారు. చూపు లేని ఆ కళ్ళకి నీళ్ళు మాత్రం బాగానే వచ్చాయి. భూతద్దం మీద పడ్డ చుక్కని చొక్కాతో తుడిచి నాకిచ్చేశారు. "నాకు తెలిసిందని ఆయనకి చెప్పకు."

ఆ మర్నాడే పెద్దాయన నందిగామ స్టూడియోకి వెళ్ళి, కంప్యూటర్లో ఫోటో చూసి, తమ్ముడు చూడకముందే ఆ చెయ్యి తీసెయ్యమన్నారట. నందిగామాయన తీసేశాడు. అందుకే వాళ్ళ ఇంట్లో ఆల్బంలో ఉన్న ఫోటోకి ఆ మూల లేదు.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే మాస్టారు అన్నయ్య కొట్లో కాసేపు కూర్చుని స్టూడియోకి వచ్చేవారు. "ఏరా, నీ మిషను కూస్తోందా?" అని పెద్దాయన అడిగితే, "కూస్తోందన్నయ్యా" అనేవారు ఈయన. ఆ మాటల్లో ముల్లు లేదు. ఇంకొన్నేళ్ళు ఆ కూత వింటూనే పనిచేశారు మాస్టారు. మేమూ తెలివి తెచ్చుకున్నాం. మేళం ఉన్నచోట కెమెరాకి చెవి ఆనించి నేను విని, ఆయన భుజం తట్టేదాన్ని. ఒకరి రహస్యం ఒకరికి చెప్పకుండా ఇద్దరి మధ్యా అన్నేళ్ళు తిరిగాను. ముందు పెద్దాయన పోయారు, తర్వాత మాస్టారు. ఇప్పుడు చెప్పినా తిట్టేవాళ్ళు లేరు. ఉంటే బాగుండును.

పోయేముందు మాస్టారు ఆ లెన్సు నాకిచ్చారు. జిగురు ఎండిపోయి చిప్పు ఎప్పుడో ఊడిపోయింది. నేను మళ్ళీ అతికించలేదు. ఆ చెయ్యి ఉన్న ప్రింటు కూడా నా దగ్గరే ఉంది, మా ముందు గదిలో గోడకి.

మొన్న వచ్చిన కుర్రాడు, అదే లెన్సు ప్రశ్న అడిగి, టీ తాగి, వెళ్ళబోతూ ఆ ఫోటో ముందు ఆగాడు. "బాగుందాంటీ. కానీ ఈ మూల ఎవరిదో చెయ్యి అడ్డమొచ్చింది. కోసెయ్యాల్సింది," అన్నాడు.

"కూర్చో నాయనా," అని, ఇంకో టీ పెట్టడానికి లేచాను.